వాడిన నీళ్లు

పంతొమ్మిదేండ్లు వాల్వు తిప్పినాను.
తెల్లారి నాలుగున్నరకు మిట్టవీధి,
ఐదుంబావుకు నడివీధి,
మిగిల్తే, కరెంటుంటే, దిగువ కాలనీ.
వెయ్యిన్నూరడుగుల కిందనుంచి
దగ్గుతా దగ్గుతా ఎక్కే నీళ్లు
ఏ ఇంటికి ఎన్ని బిందెలో నాకు నోటిలెక్క.
పోయిన నీళ్లు యాడికి పోతాయని మాత్రం
ఒక్కనాడూ అడగలేదు.

అడిగింది కుప్పాయమ్మ.
అడగడమంటే నోటితో కాదు.
పంచాయతీ ఆఫీసు మెట్టుమీద చెంబు పెట్టి
"సర్పంచికి కాఫీ" అనింది.
లోపల నల్లగా, నురగతో,
మూడేండ్లుగా ఆమె వాకిట్లో నిలబడిన
మా అందరి స్నానం.

కాలవ చదవడం అప్పుడే నేర్చుకున్నా.
పసుపు తేలితే నడివీధిలో పెండ్లి.
నీలిమందైతే ఆదివారం, బడిపిల్లోళ్ల తెల్లచొక్కాలు.
వేపాకు కొట్టుకొస్తే ఎవురికో అమ్మవారు పోసి దిగినట్టు.
బియ్యం కడుగు కనిపిస్తే
అది ఆవునమ్ముకున్న ఇల్లు.
ఇంటింటికీ గోడలుండాయి గానీ
కాలవలో ఒకరి కడుగు ఇంకొకరి కడుగుతో
పేరడక్కుండానే కలిసింది.
ఎక్కువతక్కువలు పైనే ఆగినాయి,
కంపొక్కటే కిందికి దిగింది.

చిత్తూరు నుంచి ఏఈ మేడం వచ్చింది, హేమావతి.
టేపు, నోటుబుక్కు, చెప్పులనిండా బురద.
మోటరు లేదంది, కరెంటు బిల్లు లేదంది.
మూడు గుంతలు, కంకర, మొక్కలు, ఓపిక.
ఓపిక ఎస్టిమేటులో రాయలేదు.

మొదటి గుంతలో నీళ్లు కూర్చుంటాయి,
సంతకు పోయొచ్చిన మనిషి మాదిరి.
బరువు అడుక్కి, జిడ్డు మీదికి.
రెండోదాంట్లో కంకర, మెట్టతామర, జమ్ము.
వేర్లకాడ కంటికానని పురుగులు
పంక్తి కూర్చోని మన ఎంగిలి తింటాయంట.
మేస్త్రీ దొరసామి నవ్వినాడు:
"మురికి తాగి పువ్వు పూసేది యాడన్నా ఉండాదా?"
"మామిడిచెట్టుకు పేడ ఎందుకేస్తావు మరి, పన్నీరు పొయ్యి"
అనింది కుప్పాయమ్మ.

నాలుగో నెలలో జిడ్డుగుంత నిండింది.
ఎత్తిపోసేది ఎవురు?
అందరి కండ్లూ కాలనీ దిక్కు తిరిగినాయి.
పాత వాలు అది,
నీళ్లకంటే ముందే ఉన్న వాలు.

ఇంటికొక వారమని రాసుకున్న పుస్తకంలో
మొదటి పేరు జయచంద్రారెడ్డిది.
కాలనీలో ఎవుర్నైనా కూలికి పెడతానన్నాడు.
నేనేం మాట్లాడలేదు.
మర్నాడు నాలుగున్నరకు
వాల్వుమీద చెయ్యి పెట్టి
తిప్పలేదు.

ఆ ఇనుము చలి ఇంకా అరచేతిలో ఉంది.
ఆరు దాటింది. ఖాళీ బిందెలు మోగినాయి.
తిట్లలో మా అమ్మ కూడా వచ్చింది, పాపం,
ఆమె పోయి పదేండ్లు.
ఏడుకు ఆయనే దిగొచ్చినాడు.
పంచె మోకాలిపైకి, చేతిలో కొత్త పార,
కాగితం కూడా చించలేదు.
గుంతలోకి చానాసేపు చూసి,
తేలే సీకాయ తొక్కు చూపించి
"ఇది మా ఇంటిదేనా?" అన్నాడు.
"తెలీదు సామీ" అన్నాను.
నిజంగానే తెలీదు.

ఇప్పుడు మూడోగుంత అంచున
కుప్పాయమ్మ అదే చెంబు ముంచుతుంది.
ఎండకు ఎత్తి చూస్తుంది, వాసన చూస్తుంది.
తాగేవి కాదు, మేడం గట్టిగా చెప్పిపోయింది.
కనకాంబరాల మడికి పోస్తుంది.
సాయంత్రం మూర పదిరూపాయలని
మిట్టవీధిలో కేకేస్తే
తలుపులు తెరుచుకుంటాయి.

మూడోనాటికి
ఎవరి జడలోవో, వాడిన పూలు,
వాడిన నీళ్లమీద తేలతా వచ్చి
మొదటి గుంత జాలీకి తగులుకుంటాయి.
రెంటికీ ఒకే మాట ఎందుకు పెట్టినారో
పెట్టినోళ్లకే తెలియాల.
ఏరి గట్టున వేస్తాను.
ఈ వారం పుస్తకంలో
పేరు నాది.